కామారెడ్డిలో మేం ఓటేసింది సీఎంకా, ఎమ్మెల్యేకా? (2023 తెలంగాణ అసెంబ్లీ ఎన్నికలపై చర్చ, 2024 ఫిబ్రవరి)

కామారెడ్డి_బిడ్డ

అందరికీ నమస్తే. నాది కామారెడ్డి పక్కన పల్లె, ఉద్యోగం హైదరాబాద్‌లో. ఎన్నికలైపోయి రెండు నెలలు దాటింది. ఇప్పటికీ ఆఫీసులో ఊరు పేరు చెప్పగానే ఒకటే మాట: "మీరేంటి బ్రో, ఉన్న సీఎంను, కాబోయే సీఎంను ఒకేసారి ఓడించారు!" కొందరు మెచ్చుకుంటూ అంటారు, కొందరు తప్పు చేశామన్నట్టు అంటారు. నాకు మాత్రం ఆ రెండూ మా ఊళ్లో జరిగిన దానికి సరిపోయినట్టు అనిపించదు.

ముందు లెక్క చెప్తాను. వెంకట రమణారెడ్డికి (బీజేపీ) 66,652, కేసీఆర్‌కు (బీఆర్ఎస్) 59,911, రేవంత్ రెడ్డికి (కాంగ్రెస్) 54,916. తేడా 6,741.

నవంబర్‌లో నేను ఇంట్లో ఉన్నప్పుడు ఒక పార్టీ వాళ్లు మా వాకిట్లోకి వచ్చారు. ఏ పార్టీ అన్నది ఇక్కడ ముఖ్యం కాదు. అమ్మ ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. తునికాకు కత్తిరిస్తూనే, తల ఎత్తకుండానే అడిగింది: "గెలిస్తే ఆయన ఏడ ఉంటడు బిడ్డా?" వచ్చినవాళ్లు రోడ్డు చెప్పారు, కాలేజీ చెప్పారు, కామారెడ్డి ఎక్కడికో పోతుందన్నారు. అమ్మ మళ్లీ అదే అడిగింది. జవాబు రాలేదు.

మా అమ్మకు బీడీ పింఛను 2,016 రూపాయలు నెలనెలా వచ్చింది. కేసీఆర్ మీద ఆమెకు కోపం లేదు. రేవంత్ మీదా లేదు. ఆమె అడిగింది ఒక్క ప్రశ్న. మీ మీ నియోజకవర్గాల్లో జనం ఏం అడిగారు, ఎవరిని చూసి ఓటేశారు, చెప్పండి.

గులాబీ_గుండె

తమ్మీ, నేను దాచుకోను, బీఆర్ఎస్ అభిమానిని. నీ పోస్టు చదివితే బాధేసింది. కోనాపూర్ కేసీఆర్ సార్ తల్లిగారి ఊరు. ఆయనకు కామారెడ్డి పరాయిది కాదు. సిట్టింగ్ ఎమ్మెల్యే గంప గోవర్ధన్ సీటు వదులుకుని మరీ పిలిచారు. గజ్వేల్ 2014కు ముందు ఎలా ఉందో, తర్వాత ఎలా అయిందో చూసినవాళ్లం. రింగు రోడ్డు, ఆసుపత్రి, కాలేజీలు, ఇంటింటికీ నల్లా. అలాంటి అవకాశం మీ గడప దాకా వచ్చింది. మీ అమ్మగారి ప్రశ్న న్యాయమైనదే, కానీ సీఎం ఎమ్మెల్యేగా ఉన్న చోట ఆయన ఊళ్లో ఉండాల్సిన పని లేదు. కలెక్టరే పరిగెత్తుకొస్తాడు.

కామారెడ్డి_బిడ్డ

అన్నా, మీ బాధ అర్థమవుతుంది. గజ్వేల్ బాగుపడిందన్న మాట మా ఊళ్లోనూ ఎవరూ కాదనరు. కానీ మాకు భయం వేరే ఉండె. 2023 జనవరిలో మాస్టర్ ప్లాన్ గొడవ గుర్తుందా? పచ్చటి పొలాలు మ్యాప్‌లో ఇండస్ట్రియల్ జోన్ అయిపోయాయని రైతులు కలెక్టరేట్ ముట్టడించారు. చివరికి మున్సిపల్ కౌన్సిల్ ఆ ముసాయిదా రద్దు చేస్తూ తీర్మానం చేసింది. అంతా సర్దుకుంది అనుకునేలోపు సీఎం గారు ఇక్కడ పోటీ చేస్తారన్న వార్త. కొందరికి అది సంతోషం. భూమి ఉన్నవాళ్లకు మాత్రం, పెద్దవాళ్లు వస్తే పెద్ద ప్రాజెక్టులు వస్తాయి, మళ్లీ మన భూముల మీద పడతారేమో అన్న గుబులు. నిజం అవునా కాదా అన్నది పక్కన పెట్టండి. ఆ భయం మాత్రం ఉంది. రెండు ఎకరాల మీద బతికే ఇంట్లో పుట్టినవాడిగా చెప్తున్నా.

లెక్కల_మాస్టారు

నేను ఎన్నికల లెక్కలు కాగితం మీద రాసుకునే అలవాటు ఉన్నవాణ్ని. 2018లో కామారెడ్డిలో గంప గోవర్ధన్ గారికి 68 వేల పైన వచ్చాయి, కాంగ్రెస్ షబ్బీర్ అలీ గారికి 63 వేల పైన, తేడా 4,557. వెంకట రమణారెడ్డి మూడో స్థానం, 15 వేల చిల్లర. ఇప్పుడు అదే మనిషికి 66,652. ఐదేళ్లలో 50 వేలకు పైగా పెరిగాయి. రెండు పెద్ద పార్టీలు ఒక్కొక్కటి ఎనిమిది వేలకు పైగా పోగొట్టుకున్నాయి. ఆ రెండూ కలిపినా 17 వేలే. అంటే మిగతావి అటూ ఇటూ పోయే చిన్న ఓట్ల నుంచి, కొత్తగా బూత్‌కు వచ్చినవాళ్ల నుంచి రావాలి. "వాళ్లిద్దరి మధ్య చీలిక వల్ల గెలిచాడు" అని టీవీలో చెప్పినంత తేలిక కాదు.

ఇంకో సంగతి. బీజేపీ గెలిచిన 8 సీట్లు మ్యాప్ మీద పెట్టి చూడండి. గోషామహల్ తప్ప మిగతా 7 పాత ఆదిలాబాద్, పాత నిజామాబాద్ జిల్లాల్లోనే ఉన్నాయి: ఆదిలాబాద్, నిర్మల్, ముథోల్, సిర్పూర్, ఆర్మూర్, నిజామాబాద్ అర్బన్, కామారెడ్డి. కానీ ఆ పార్టీలో టీవీలో రోజూ కనిపించే ముగ్గురు, కరీంనగర్‌లో బండి సంజయ్, కోరుట్లలో అర్వింద్, హుజూరాబాద్‌లోనూ గజ్వేల్‌లోనూ ఈటల, ముగ్గురూ ఓడారు. కరీంనగర్‌లో తేడా 3,163 మాత్రమే. పేరున్న నేతలు ఓడి, ఐదేళ్ల కిందట మూడో స్థానంలో ఉన్నాయన గెలిచాడు. కామారెడ్డి_బిడ్డ చెప్తున్న దానికి ఇదీ ఒక సాక్ష్యమే.

ఖమ్మం_మెట్టు

మా జిల్లా సంగతి వినండి. పాత ఖమ్మం జిల్లా 10 సీట్లలో కాంగ్రెస్‌కు 8, కొత్తగూడెం సీపీఐకి, భద్రాచలం ఒక్కటే బీఆర్ఎస్‌కు. నల్గొండలో 12కి 11, సూర్యాపేట తప్ప. పాలమూరులో 14కి 12. ఇక్కడ అభ్యర్థి ఎవరని జనం పెద్దగా చూడలేదు. గాలి వీచినప్పుడు గాలే. మా వీధిలో ఆడవాళ్లు కాంగ్రెస్ ఇచ్చిన ఆరు గ్యారంటీల కార్డు బియ్యం డబ్బాలో దాచుకున్నారు, రేషన్ కార్డు దాచుకున్నట్టు. బస్సు ఫ్రీ, గ్యాస్ 500, నెలకు 2,500. ఆ కార్డు చూసి ఓటేశారు. బస్సు డిసెంబర్ 9 నుంచే మొదలైంది. మిగతా వాటి కోసం ఆ కార్డు ఇంకా డబ్బాలోనే ఉంది.

కాబట్టి కామారెడ్డి లెక్క వేరు, మా లెక్క వేరు. రెండిటినీ ఒక గాటన కట్టొద్దు.

పాత_రేడియో

నాకు 67 ఏళ్లు. మీ కామారెడ్డి కొత్త అనుకుంటున్నారు. 1989లో ఎన్టీ రామారావు గారు సీఎంగా ఉండి హిందూపురంలోనూ, కల్వకుర్తిలోనూ పోటీ చేశారు. హిందూపురం గెలిపించింది, కల్వకుర్తి ఓడించింది. కాంగ్రెస్ తరఫున చిత్తరంజన్ దాస్ నిలబడ్డారు. ఆ రాత్రి మేం రేడియో ముందు కూర్చున్నాం. కల్వకుర్తి మాట వినగానే మా నాయన వాల్యూమ్ పెంచాడు, తప్పు విన్నానేమో అని. ఇల్లంతా కాసేపు మాట లేదు. దానికి నాలుగేళ్ల ముందే, 1985లో, అదే మనిషి గుడివాడ, హిందూపురం, నల్గొండ, మూడు చోట్ల నిలబడి మూడూ గెలిచాడు. జనం ప్రేమకు లోటు లేని మనిషి. అయినా కల్వకుర్తి వాళ్లు వద్దన్నారు.

అప్పట్లో ఎన్ని చోట్లయినా నిలబడొచ్చు. 1996లో చట్టం మార్చి రెండుకు కుదించారు. రెండూ గెలిస్తే ఒకటి వదులుకోవాలి, అక్కడ ఉప ఎన్నిక. మీ అమ్మగారు అడిగింది సరిగ్గా ఇదేనమ్మా. "ఏడ ఉంటడు" అంటే "ఏది వదిలేస్తడు" అని.

కామారెడ్డి_బిడ్డ

పెద్దాయనా, ఈ మాట నాకు తట్టనే లేదు. నిజమే. కేసీఆర్ గారికి గజ్వేల్ ఉంది, రేవంత్ గారికి కొడంగల్ ఉంది. ఇద్దరిలో ఎవరు గెలిచినా మా సీటు మళ్లీ ఖాళీ అయ్యే అవకాశం ఉండేది. మా ఊళ్లో మళ్లీ మైకులు, మళ్లీ పంచడాలు. ఇద్దరూ వాళ్ల సొంత సీట్లు గెలిచారు కూడా.

గులాబీ_గుండె

పెద్దాయన చెప్పింది ఒప్పుకుంటాను. కానీ కేసీఆర్ సార్ కామారెడ్డిని వదిలేసేవారని మీరు ముందే ఎలా అనుకుంటారు? గజ్వేల్ వదిలి ఇక్కడే ఉండేవారేమో. నేతను నమ్మకపోవడం కూడా ఒక నష్టమే కదా. ఓడిన వారంలోనే ఫామ్‌హౌస్‌లో జారిపడి తుంటి ఎముకకు ఆపరేషన్ అయింది. ఆ ఫొటో చూసి ఏడ్చినవాణ్ని నేను. తెలంగాణ తెచ్చిన మనిషి అది. మీరు లెక్కలు వేస్తున్నారు, నాకు అది లెక్క కాదు.

మోడరేటర్

ఇక్కడ ఎవరి అభిమానం వాళ్లది. నాయకుల్ని గౌరవంగానే ప్రస్తావిస్తున్నారు, సంతోషం. మధ్యలో వచ్చిన రెండు పోస్టులు కులం పేర్లు ఎత్తినందుకు తీసేశాను. మీ ఊరి అనుభవం రాయండి.

బూత్_టీచర్

నేను టీచర్ని. కామారెడ్డి నియోజకవర్గంలో ఒక పల్లె బూత్‌లో ప్రిసైడింగ్ ఆఫీసర్‌గా పడింది. ఎవరికి ఓటు పడిందో నాకు తెలియదు, తెలియకూడదు కూడా. నేను చూసింది మాత్రం చెప్తాను.

39 మంది అభ్యర్థులు. ఒక బ్యాలెట్ యూనిట్‌లో 16 బటన్లే ఉంటాయి. నోటాతో కలిపి 40 కాబట్టి మూడు యూనిట్లు ఒకదాని పక్కన ఒకటి. అట్ట పెట్టెలతో కట్టిన చిన్న అర, అందులో మూడు యూనిట్లు, ఓటు చీటీ చూపించే వీవీప్యాట్. తెల్లవారుజామున 5.30కే ఏజెంట్ల ముందు మాక్ పోల్. 50 ఓట్లు వేసి, లెక్క చూపించి, చెరిపేసి, సీల్ వేసేసరికి చేతులు వణికాయి. మొదటిసారి పీఓగా చేసినవాళ్లకు ఆ టెన్షన్ తెలుస్తుంది.

గుర్తింపు ఉన్న పార్టీల పేర్లు ముందు వస్తాయి కాబట్టి పెద్ద అభ్యర్థులంతా మొదటి యూనిట్‌లోనే ఉంటారు. అయినా ఒక ముసలామె లోపలికి వెళ్లి బయటికి రాలేదు. రెండు నిమిషాలు అయింది. బీప్ రాలేదు. లోపలికి తొంగిచూడకూడదు. నేను నా చోటి నుంచే "అవ్వా, అయిందా?" అన్నాను. "ఆగు బిడ్డా, ఇన్ని బొమ్మలుంటే వెతకొద్దా" అంది. ఏజెంట్లు ముగ్గురూ, వేర్వేరు పార్టీల వాళ్లు, ఒక్క మాట మాట్లాడకుండా కూర్చున్నారు. ఇంకాసేపటికి బీప్ వచ్చింది. వీవీప్యాట్‌లో చీటీ ఏడు సెకన్లు కనిపిస్తుంది కదా, ఆ ఏడు సెకన్లూ చూసుకుని వచ్చింది. వేలి మీద సిరా ఆరిందా అని నన్నే అడిగింది.

సాయంత్రం 5 గంటలకు వరసలో ఉన్నవాళ్లకు చివరి నుంచి మొదలుపెట్టి చీటీలు ఇచ్చాం, కొత్తవాళ్లు వచ్చి కలవకుండా. చివరి చీటీ తీసుకున్న అబ్బాయి చేతిలో బ్యాగ్ ఉంది. బస్టాండ్ నుంచి నేరుగా వచ్చాడట.

కామారెడ్డి_బిడ్డ

మేడం, మీ పోస్టు చదివి మా అమ్మకు ఫోన్ చేశాను. "నువ్వు ఎంతసేపు తీసుకున్నావే?" అంటే, "ఎంతసేపైతే నీకెందుకు" అంది. ఎవరికి వేసిందో మాకు ఇప్పటికీ చెప్పలేదు. నాన్నకు కూడా చెప్పలేదు.

పట్నం_వాసి

39 మందికే ఇంత ఉంటే మా ఎల్బీ నగర్‌లో 48 మంది. నాలుగు యూనిట్లు. రాష్ట్రంలో అందరికన్నా ఎక్కువ. మొత్తం 119 సీట్లకు 2,290 మంది నిలబడ్డారు. అందులో చాలామంది పేర్లు వాళ్ల వీధివాళ్లకు కూడా తెలియవు.

కానీ సిగ్గుతో చెప్పాల్సింది వేరే ఉంది. మా అపార్ట్‌మెంట్‌లో 40 ఫ్లాట్లు. గురువారం సెలవు, శుక్రవారం లీవు పెడితే నాలుగు రోజులు. పార్కింగ్ ముందు రోజే ఖాళీ అయింది. హైదరాబాద్ జిల్లాలో పోలింగ్ సగం కూడా దాటలేదు. యాకుత్‌పురాలో 40 శాతం లోపే. అదే మునుగోడులో 91 శాతం పైన. పల్లెవాళ్లు దుబాయ్ నుంచి ఊరికి ఫోన్ చేసి ఇంట్లోవాళ్లను పంపిస్తారు, మేం లిఫ్ట్ దిగి స్కూల్ దాకా వెళ్లం.

కొందరి ఓట్లు నిజంగానే దొరకవు, అదీ చెప్పాలి. అద్దె ఇల్లు మారితే పాత చోట పేరు అలాగే ఉండిపోతుంది. మా పక్క ఫ్లాట్ దంపతుల్లో భార్య పేరు ఒక బూత్‌లో, భర్త పేరు మూడు కిలోమీటర్ల అవతల ఇంకో బూత్‌లో.

చేవెళ్ల268

నా పేరు చూస్తేనే తెలుస్తుంది కదా. చేవెళ్లలో కాలె యాదయ్య గెలిచింది 268 ఓట్లతో. ఓడిన పామెన భీం భరత్‌కు, గెలిచిన ఆయనకు మధ్య ఒక పెళ్లి భోజనాల బంతి అంత తేడా. రాష్ట్రం మొత్తం మీద అంత తక్కువ తేడా ఇంకెక్కడా లేదు.

మా ఇంట్లో నాలుగు ఓట్లు. అమ్మానాన్న వేశారు. నేను, తమ్ముడు హైదరాబాద్‌లో ఉన్నాం, పోలేదు. అక్కడి నుంచి చేవెళ్ల గంటన్నర దారి. "మన రెండు ఓట్లతో ఏమవుతుంది" అనుకున్నాం. ఆదివారం రౌండ్లు అయిపోతుంటే టీవీ ముందు నుంచి లేవలేకపోయాను. మా ఊరి నుంచి పట్నంలో ఉన్నవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టాను. మా ఒక్క ఊరివాళ్లమే 60 మంది దాకా ఉన్నాం. అలాంటి ఊళ్లు ఐదు చాలు, 268 దాటిపోతుంది. మేం వెళ్లి ఉంటే ఎవరు గెలిచేవారో నాకు తెలియదు. ఇది పార్టీ సంగతి కాదు. నాన్న ఒక్క మాట కూడా అనలేదు, అదే ఇంకా గుచ్చుకుంటోంది.

బెజవాడ_బాబాయి

చేవెళ్ల తమ్ముడూ, మనసు కష్టపెట్టుకోకు. మా విజయవాడ సెంట్రల్‌లో 2019లో 25 ఓట్లు. ఇరవై అయిదు! మల్లాది విష్ణు గెలిచారు, బొండా ఉమ ఓడారు. మా వీధి చివర టీ కొట్టు దగ్గర పొద్దున నిలబడే జనం అంతకన్నా ఎక్కువ. అదే ఎన్నికల్లో పవన్ కల్యాణ్ భీమవరం, గాజువాక రెండు చోట్ల నిలబడి రెండూ ఓడారు. మీటింగులకు వచ్చిన జనాన్ని చూస్తే ఎవరైనా గెలుపే అనుకుంటారు. రెండు సీట్లు అనగానే జనానికి ఒక అనుమానం పట్టుకుంటుంది, పాత రేడియో గారు చెప్పినట్టు. ఇంకో రెండు మూడు నెలల్లో మాకూ ఎన్నికలు. ఎవరు ఎక్కడ నిలబడతారా అని ఊరంతా ఇదే మాట.

పాలకుర్తి_ఆడపడుచు

మా పాలకుర్తి గురించి ఎవరూ రాయలేదేంటి? ఎర్రబెల్లి దయాకర్ రావు గారు మంత్రి, ఎన్నికల మీద ఎన్నికలు గెలుస్తూ వచ్చిన మనిషి. ఎదురుగా 26 ఏళ్ల యశస్విని రెడ్డి. ముందు ఆమె అత్తగారు ఝాన్సీ రెడ్డి నిలబడాలనుకున్నారు, పౌరసత్వం చిక్కు వచ్చింది. కోడలికి టికెట్ ఇచ్చారు. ఎవరూ నమ్మలేదు. 47 వేల పైచిలుకు మెజారిటీ.

నేను పొదుపు సంఘంలో ఉన్నాను. ఆ అమ్మాయి మా వాడకు వచ్చినప్పుడు మాట తడబడింది. పేపర్ చూసి కూడా మర్చిపోయింది. మా సంఘం లీడరక్క "నెమ్మదిగ చెప్పు బిడ్డా, మేం ఎక్కడికీ పోం" అంది. అప్పుడు అందరం కూర్చున్నాం, ఆ పిల్ల కూడా చాప మీదే కూర్చుంది. పెద్ద నాయకుడు మాట్లాడితే మేం వింటాం. ఆ రోజు మేం మాట్లాడాం, ఆమె వింది. గాలి కూడా ఉంది, కాదనను. మంత్రి గారి మీద కొందరికి కోపమూ ఉంది. కానీ ఆ చాప నాకు గుర్తుండిపోయింది.

ఒక్క బాధ. 119 మందిలో ఆడవాళ్లు 10 మందే గెలిచారు. ఓటర్ల జాబితాలో మేం సగం ఉన్నాం.

కొల్లాపూర్_నిరుద్యోగి

అక్కా, మా కొల్లాపూర్‌లో శిరీష నిలబడింది, అందరూ బర్రెలక్క అంటారు. డిగ్రీ చదివి, ఉద్యోగం రాక బర్రెలు కొనుక్కున్నానని వీడియో పెట్టిన అమ్మాయి. ఈల గుర్తు. దాడి జరిగాక హైకోర్టు భద్రత ఇవ్వమంది. 5,754 ఓట్లు వచ్చాయి. గెలిచిన జూపల్లి కృష్ణారావు మెజారిటీ దాదాపు 30 వేలు. డిపాజిట్ రాలేదు. డిపాజిట్ దక్కాలంటే పోలైన చెల్లే ఓట్లలో ఆరో వంతు కన్నా ఎక్కువ రావాలి.

అయినా నేను ఆమె కోసం తిరిగాను, పది రోజులు, సొంత పెట్రోలుతో. గ్రూప్స్ పరీక్షలు లీకై, రద్దయి, మళ్లీ రాసి, మళ్లీ రద్దయిన వయసు మాది. నేను మూడేళ్లు హైదరాబాద్‌లో కోచింగ్ సెంటర్లుండే అశోక్‌నగర్‌లో ఐదుగురితో ఒకే గదిలో ఉన్నాను. మా బాధ ఏ పార్టీ కరపత్రంలోనైనా ఒక లైనే. ఆ అమ్మాయి నిలబడితే అది మొత్తం పేజీ అయింది.

మా దగ్గర ఇంకోటి. 2018లో బీరం హర్షవర్ధన్ రెడ్డి కాంగ్రెస్, జూపల్లి టీఆర్ఎస్ (బీఆర్ఎస్ పాత పేరు). 2023లో బీరం బీఆర్ఎస్, జూపల్లి కాంగ్రెస్. మనుషులు వాళ్లే, గుర్తులు అటువి ఇటు, ఇటువి అటు. మా తాత అన్నాడు: "ఎవల గుర్తు ఏదో ఒకసారి మళ్ల చెప్పురా." అలాంటి చోట పార్టీని చూసి వేస్తాడా మా తాత, మనిషిని చూసి వేస్తాడా?

లెక్కల_మాస్టారు

గుర్తుల మాట వచ్చింది కాబట్టి ఒకటి. 2020 దుబ్బాక ఉప ఎన్నికలో బీజేపీ రఘునందన్ గెలిచింది 1,079తో. అక్కడ చపాతీ రోలర్ గుర్తుకు మూడు వేలకు పైగా పడ్డాయి. తమ కారు గుర్తును పోలిన ఇలాంటి గుర్తులు తీసేయమని బీఆర్ఎస్ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, 2023 అక్టోబర్‌లో కోర్టు వినలేదు. బూత్_టీచర్ మేడం చెప్పిన అవ్వ అంతసేపు వెతికింది అందుకే. చూపు సరిగా ఆనని వయసులో ఆ చిన్న నలుపు తెలుపు బొమ్మే ఆమెకు ఆధారం.

రాష్ట్రం మొత్తం మీద కాంగ్రెస్‌కు 39.40 శాతం, బీఆర్ఎస్‌కు 37.35. రెండు శాతమే తేడా. సీట్లు 64, 39. మొత్తం ఎన్ని ఓట్లు పడ్డాయన్నది కాదు, ఎలా పరుచుకున్నాయన్నదే తేల్చింది. హైదరాబాద్ జిల్లా 15 సీట్లలో గెలిచిన పార్టీకి ఒక్కటీ రాలేదు.

దోహా_నుంచి

నేను ఖతర్‌లో పని చేస్తున్నా. మాది కూడా కామారెడ్డి నియోజకవర్గమే, మాచారెడ్డి వైపు. పోలింగ్ రోజు మా క్యాంపులో కామారెడ్డి, సిరిసిల్ల, జగిత్యాల వాళ్లం 30 మందిమి ఫోన్లు పట్టుకుని కూర్చున్నాం. మాలో ఒక్కడికీ ఓటేసే వీలు లేదు. వచ్చి వేయాలంటే టికెట్ రెండు నెలల జీతం, పైగా కంపెనీ సెలవు ఇయ్యదు. గల్ఫ్ బోర్డు పెడతాం అని అన్ని పార్టీలూ అంటాయి. మేం ఓటేయలేమని వాళ్లకూ తెలుసు.

కామారెడ్డి_బిడ్డ తమ్మీ, ఒక సాయం కావాలి. పార్లమెంట్ ఎన్నికల టైముకు నాకు సెలవు ఉండేలా ఉంది. నా పేరు జాబితాలో ఇంకా ఉందో లేదో తెలియదు. అడిగితే ఒకరు ఉందంటారు, ఒకరు తీసేశారంటారు.

బూత్_టీచర్

బాబూ, విదేశంలో ఉన్నా భారత పౌరసత్వం ఉంటే ఓటు ఉంటుంది. ఫారం 6ఏ పెట్టుకుని, పాస్‌పోర్టులో ఉన్న ఊరి జాబితాలో చేరొచ్చు. కానీ ఓటు మాత్రం మీరే వచ్చి, పాస్‌పోర్టు చూపించి వేయాలి. ముందు మీ బీఎల్ఓను (ఓటర్ల జాబితా చూసే బూత్ స్థాయి అధికారిని) పట్టుకోండి, పేరు ఎలా ఉందో తేలుతుంది. పట్నం_వాసి గారూ, మీ పక్క ఫ్లాట్ వాళ్లకు ఫారం 8 పెట్టమనండి, ఇల్లు మారినవాళ్లకు అదే.

పట్నం_వాసి

చెప్పాను మేడం. ఈ ఆదివారం మా అపార్ట్‌మెంట్ మీటింగ్‌లో ల్యాప్‌టాప్ పెట్టి అందరివీ చూస్తాం అనుకుంటున్నాం.

గులాబీ_గుండె

కామారెడ్డి తమ్మీ, ఒక్క మాట అడుగుతా. వెంకట రమణారెడ్డి గెలిచి ఇప్పుడు మీ దగ్గర ఉంటున్నాడా? అది చెప్పు చాలు.

కామారెడ్డి_బిడ్డ

అన్నా, ఉంటున్నాడు. రోడ్డు వెడల్పు కోసం జనవరిలో తన ఇల్లే ముందు కూల్చుకున్నాడు, మీరు పేపర్లో చూసే ఉంటారు. దాంతో మిగతా ఇళ్లవాళ్లకు ఒప్పుకోక తప్పని పరిస్థితి వస్తుందని కొందరికి ఇబ్బందిగానే ఉంది, అదీ చెప్తున్నా. ప్రతిపక్ష ఎమ్మెల్యే కాబట్టి నిధులు ఎంత తెస్తాడో ఇప్పుడే చెప్పలేం. ఐదేళ్ల తర్వాత మా అమ్మ మళ్లీ చాట ముందు కూర్చుని ఏం అడుగుతుందో చూడాలి. మీరు కేసీఆర్ గారి కోసం ఏడ్చానని రాసింది అమ్మకు చదివి వినిపించాను. "పాపం, ఆ బిడ్డకు అన్నం సయిస్తుందా" అంది.

దోహా అన్నా, నిన్న ఆదివారం ఊరికి పోయినప్పుడు మీ ఊరి మీదుగా వెళ్లాను. మీరు మెసేజ్‌లో పంపిన ఇంటి నంబర్ బీఎల్ఓకు చూపించాను. అంగన్‌వాడీ టీచరమ్మే బీఎల్ఓ. మీ పేరు తీసేశారు. 6ఏ పెట్టాలి, పాస్‌పోర్టు కాపీ పంపండి, ఇక్కడ ఎక్కించడానికి నేను సాయం చేస్తాను. అదే ఇంటి నంబర్‌లో మీ నాన్నగారి పేరు మాత్రం ఇంకా ఉంది. ఆయన పోయి రెండేళ్లయిందని ఆమెకు తెలుసు, ఇంట్లోవాళ్లెవరైనా ఫారం 7 ఇస్తే తీస్తానంది.

దోహా_నుంచి

సంతోషం తమ్మీ. పాస్‌పోర్టు కాపీ ఈ రాత్రి పంపుతా. నాన్న పేరు సంగతి అమ్మను అడగాలి. ఆ కాగితం మీద ఆమె వేలిముద్ర పడాలి. నేను వచ్చాక చేద్దాం అంటే టీచరమ్మ ఆగుతుందా, కొంచెం అడిగి చెప్పు.